పాత ప్రోగ్రాములో పదకొండు నంబర్లు

ఇచ్చోడ దాటాక హైవే పక్కన ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. అక్కడి కంప్యూటర్ విభాగానికి పెద్ద అయిన హెచ్‌ఓడీ సారు ఒకరోజు నాకు ఫోన్ చేశారు. నేను కరీంనగర్‌లో ఇంట్లో కూర్చునే హైదరాబాద్ కంపెనీకి పనిచేస్తాను. ప్రోగ్రాములు రాయడం నా పని. రాయడం కన్నా, ఇతరులు రాసి వదిలేసినవాటిని బాగుచేయడమే ఎక్కువ. ఆ సంగతి ఆయనకు ఎవరో చెప్పారట.

ఆయనకు పైనుంచి ఉత్తరం వచ్చింది. ప్రతి విభాగమూ ఏడాదికి ఒక వర్క్‌షాపు పెట్టాలి, బయటి మనిషిని పిలవాలి, ఫొటోలు పంపాలి. ఉత్తరం వెంట విషయాల జాబితా కూడా వచ్చింది. మంచి మంచి పేర్లన్నీ వేరే కాలేజీలు ముందే పంచుకోగా రిఫ్యాక్టరింగ్ అనేది ఒక్కటే ఎవరూ ముట్టకుండా మిగిలింది. ఈయన దాన్ని తీసుకున్నారు.

రిఫ్యాక్టరింగ్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. నడుస్తున్న ప్రోగ్రాము చేసే పనిని వెంట్రుకవాసి కూడా మార్చకుండా, లోపలి రాతను మాత్రం శుభ్రం చేయడం. మా బాపు సిరిసిల్లలో ముప్పై ఏళ్లు మరమగ్గాలు నడిపిన మనిషి. ఈ పని మీద పోతున్నానని చెబితే గడ్డం గోక్కుంటూ విని, "అంటే మగ్గం ఆపకుండనే మగ్గం బాగుచేసుడు. గంతేనా?" అన్నాడు. అంతే. ఆ తర్వాత రెండు రోజుల పాటు నేను విన్న నిర్వచనాలన్నిటిలోకీ అదే మేలైనది.

వర్క్‌షాపుకు పది రోజుల ముందే నేను సారుకు మెయిల్ పెట్టాను. ప్రతి కంప్యూటర్‌లో ఏమేం ఉండాలో వరుసగా రాశాను. పైథాన్ ఉండాలి, రాసుకోవడానికి ఒక ఎడిటర్ ఉండాలి, మార్పులు దాచుకోవడానికి గిట్ ఉండాలి, ఇంటర్నెట్ ఉండాలి. అన్నిటికీ కలిపి ఒకటే జవాబు వచ్చింది: నోటెడ్ మేడమ్. మళ్లీ ఫోన్ చేసి అడిగితే కంప్యూటర్లన్నీ తయారుగా ఉన్నాయనీ, నన్ను ఫికర్ చేయవద్దనీ చెప్పి, శాలువా ఏ రంగుదైతే బాగుంటుందని అడిగారు.

అయినా నాకు మనసొప్పక ఒకరోజు ముందే బయలుదేరాను. గురువారం పొద్దున్నే బస్సెక్కి నిర్మల్‌లో మారి కాలేజీకి చేరేసరికి గేటుకు ఫ్లెక్సీ కట్టి ఉంది. ఫొటోలో నేను పదేళ్ల కిందటి చీరలో ఉన్నాను. పైన పెద్ద అక్షరాలతో 'సాఫ్ట్‌వేర్ రీఫ్రాక్చరింగ్' అని అచ్చువేశారు. అతికిన ఎముకను మళ్లీ విరగ్గొట్టే శిబిరమేదో పెట్టినట్టుంది. ఇది తప్పని సారుకు చెబితే ఆయన కాసేపు పైకి చూసి, ఫొటోలో ఫ్లెక్సీ దూరంగా పడుతుంది కాబట్టి ఏమీ కాదన్నారు.

ల్యాబ్ తాళంచెవి ఒక ఫిజిక్స్ సారు దగ్గర ఉంది. కంప్యూటర్ ల్యాబ్‌కు ఆయనే ఇన్‌ఛార్జి. ఎందుకని అడిగితే ఆయనకూ తెలియదు. పాత ల్యాబ్ అసిస్టెంట్ వెళ్లిపోయాక తాళంచెవి ఆయన టేబుల్ మీదికి వచ్చిందట, దాని వెంట ఉద్యోగమూ వచ్చిందట. మనిషి మంచివాడు. ప్రతి కంప్యూటర్ మీదా గుడ్డ కప్పించాడు, చెప్పులు బయటే విప్పించాడు. లోపల ముప్పై రెండు యంత్రాలుంటే ఇరవై ఆరు లేచాయి. ఇంటర్నెట్ మాత్రం ప్రిన్సిపాల్ గది దాకా వచ్చి ఆగిపోయింది.

ఏది ఎక్కించబోయినా పాస్‌వర్డ్ అడుగుతోంది. అది తనకు తెలుసని ఫిజిక్స్ సారు గోడమీది క్యాలెండర్ చూపించాడు. పెన్నుతో పెద్దగా రాసి ఉంది, ల్యాబ్‌లోకి వచ్చిన వాళ్లెవరికైనా కనబడేటట్టు.

రెండు పెన్ డ్రైవ్‌లతో మొదలుపెట్టాను. ఒక యంత్రంలో ఎక్కుతుండగా ఇంకోదానికి పోవడం, అది అడిగే ప్రశ్నలకు సరే సరే అని నొక్కడం, మళ్లీ వెనక్కి రావడం. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పలేదు. ప్రతి తెరకూ కింద మూలన గవ్వంత తాళం బొమ్మ ఒకటి కనిపించింది. ఏదో యాంటీవైరస్ తాలూకు బొమ్మ అనుకున్నాను. ఇరవై ఆరుసార్లు చూశాను, ఇరవై ఆరుసార్లూ అదే అనుకున్నాను. పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు ఇలాంటి విషయాల్లో సందేహాలు రావు. సాయంత్రం ఐదింటికి చివరి యంత్రం సిద్ధమైంది. నేను నడుం పట్టుకుని నిలబడ్డాను. ఫిజిక్స్ సారు అన్నిటినీ ఒక్కొక్కటిగా ఆర్పి, గుడ్డలు కప్పి, తాళం వేశాడు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి తీసి చూస్తే ఏమీ లేదు. మొదటి యంత్రంలో లేదు. రెండోదాంట్లో లేదు. నేను ఎక్కించిన ఎడిటర్ లేదు, పైథాన్ లేదు, దాచిపెట్టిన ఫోల్డర్ లేదు. నిన్న నేను అసలు రానేలేదన్నట్టు ఇరవై ఆరు తెరలూ శుభ్రంగా నవ్వుతున్నాయి. అప్పుడు ఆ తాళం బొమ్మ మీద మౌస్ పెట్టి చదివాను. యంత్రాలన్నిటినీ ఎవరో ఫ్రీజ్ చేసి పెట్టారు. ఏం మార్చినా సరే, ఆర్పి వెలిగించగానే అంతా చెరిగిపోయి మొదటి స్థితికి వచ్చేస్తుంది. దాన్ని తీయాలంటే వేరే పాస్‌వర్డ్ కావాలి. అది క్యాలెండర్ మీద లేదు.

ఫిజిక్స్ సారు నాకన్నా ఎక్కువ పరేషాన్ అయ్యాడు. అది పాత అసిస్టెంట్‌కు తప్ప ఎవరికీ తెలియదన్నాడు. ఆ అసిస్టెంట్ ఇప్పుడు భైంసాలో బస్టాండ్ దగ్గర ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే దుకాణం పెట్టుకున్నాడట. ఎనిమిదేళ్లు ఇక్కడ పనిచేస్తే ఒక ఏడాది అతని కాంట్రాక్టు కాగితం టైపు చేయించడం అందరూ మరిచిపోయారట. అతను నెల రోజులు ఎదురుచూసి, తాళంచెవి టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. హెచ్‌ఓడీ సారును ఫోన్ చేయమంటే ఆయన ఇబ్బందిగా కదిలి, "నేను చేస్తే బాగుండది మేడమ్. మీరైతే కొత్తోళ్లు" అన్నారు.

నేనే చేశాను. అవతలి మనిషి నేనెవరో అడగలేదు. సంగతంతా విని, "ఎన్ని మిషన్లు నడుస్తున్నయి మేడమ్?" అన్నాడు. ఇరవై ఆరు అన్నాను. తానున్నప్పుడు ముప్పై ఒకటి నడిచేవన్నాడు. పాస్‌వర్డ్ ఫోన్‌లో చెబితే చాలు కదా భాయ్ అని అడిగాను. చెప్పడానికి అభ్యంతరం లేదట. కానీ రెండు రోజులకు నేను వెళ్లిపోతే ఆ తలుపులు తెరిచే ఉంటాయి, వారం తిరిగేసరికి వాటి నిండా ఆటలూ వైరస్‌లూ చేరతాయి, కాబట్టి తానే వచ్చి తీసి, పనయ్యాక తానే వేసి పోతానన్నాడు. జుమ్మా నమాజ్ చదువుకుని బయలుదేరతానన్నాడు.

అప్పటిదాకా పిల్లలకు ఏం చెప్పాలా అని నేను వెతుక్కుంటుంటే కాలేజీయే నన్ను కాపాడింది. ప్రారంభోత్సవం పదింటికి మొదలై రెండింటి దాకా సాగింది. జ్యోతి వెలిగించారు, ఫ్యాన్ గాలికి అది ఆరింది, ఫ్యాన్ ఆపి మళ్లీ వెలిగించారు, ఫొటో కోసం మూడోసారి వెలిగించారు. అన్ని విభాగాల పెద్దలూ మాట్లాడారు. మా సారు మాట్లాడుతూ, రిఫ్యాక్టరింగ్ అంటే పాత సాఫ్ట్‌వేర్‌ను తీసిపారేసి కొత్తది పెట్టడమని, దేశానికి ఇప్పుడు అదే అవసరమని చెప్పారు. చప్పట్లు మోగాయి. నాకు శాలువా కప్పారు. భోజనాలయ్యాయి. మొదటి రోజు కార్యక్రమం విజయవంతంగా ముగిసినట్టు ప్రకటించారు. ఒక్క కంప్యూటర్ కూడా ముట్టలేదన్న సంగతి ఎవరి దృష్టికీ రాలేదు.

నాలుగున్నరకు భాయ్ వచ్చాడు. నలభై దాటిన సన్నటి మనిషి, తెల్లటి లాల్చీ, చేతిలో పాత లాప్‌టాప్ సంచి. లోపలికి రాగానే గుడ్డలు కప్పిన యంత్రాలను వరుసగా చూశాడు. లేవని ఆరింటి దగ్గరికీ పోయి, వెనక చెయ్యిపెట్టి తీగలు సరిచేస్తే వాటిలో మూడు లేచాయి. నేను నిన్నటి నా కష్టం చెప్పాను. అతను నవ్వలేదు. "నీళ్ల మీద రాసిండ్రు మేడమ్" అన్నాడంతే. పాస్‌వర్డ్ కొట్టి అన్నిటికీ ఫ్రీజ్ తీశాక, ఒక్క యంత్రంలో అన్నీ సరిగ్గా ఎక్కించమని నాకు చెప్పాడు. దాని నకలును తీగల మీదుగా మిగతా ఇరవై ఎనిమిదింటికీ తానే పంపాడు. నాకు రోజంతా పట్టిన పని అతనికి గంటన్నరలో అయిపోయింది. అప్పుడే వెళ్లొద్దు, రేపు కూడా ఉండమని అడిగాను. ఇచ్చోడలో తెలిసినవాళ్ల ఇల్లుంది, ఉంటానన్నాడు.

శనివారం పొద్దున యాభై మంది పిల్లలు ఇద్దరేసి కూర్చున్నారు. నేను కరీంనగర్ నుంచి తెచ్చిన పాఠం విప్పాను. విమాన టికెట్ల ధర లెక్కగట్టే ప్రోగ్రాము అది. దాన్ని నేను చాలా నగరాల్లో వాడాను, అన్నిచోట్లా మెచ్చుకున్నారు. ఇక్కడ పావుగంట గడిచాక ఒక అబ్బాయి లేచి, బిజినెస్ క్లాసు అంటే వ్యాపారం చేసేవాళ్లకేనా అని అడిగాడు. ఇంకో పావుగంటకు వెనక వరుసలో తలలు వాలాయి. తప్పు వాళ్లది కాదు. ఆ గదిలో విమానమెక్కింది నేనొక్కదాన్నే.

అప్పుడు వెనక బెంచీ మీద కూర్చున్న భాయ్ చెయ్యెత్తాడు. కాలేజీ ఆఫీసులో హాజరు లెక్కగట్టే ప్రోగ్రాము తాను రాసిందేననీ, ఇప్పటికీ అదే నడుస్తోందనీ చెప్పాడు. "పుస్తకం చూసి నేర్సుకొని రాసిన. మస్తు చెత్తగుంటది. మీకు గావాల్సింది గసొంటిదే గదా" అన్నాడు. తన చేతిరాతను యాభై మంది ముందు పరిచి తప్పులు పట్టమనేవాళ్లను నేను పదిహేనేళ్లలో ఎక్కువమందిని చూడలేదు. నేనైతే ఇవ్వను.

ఫిజిక్స్ సారు ఆఫీసుకు పోయి దాన్ని పెన్ డ్రైవ్‌లో తెచ్చాడు. తెర మీద పెట్టగానే పిల్లలు నిద్ర లేచారు. మొదలూ తుదీ లేని ఒకే పెద్ద ముద్ద. అంకెలు దాచుకునే పేర్లన్నీ 'కిత్నే', 'కౌన్', 'జర', 'జర2', 'ఇంకజర' అని ఉన్నాయి. పిల్లలు పగలబడి నవ్వారు. భాయ్ కూడా నవ్వాడు, కానీ చెవులు ఎర్రబడ్డాయి. రెండో వరుసలో ఒక అమ్మాయి మాత్రం నవ్వకుండా చదువుతోంది. ఆమెది జైనూర్ పైనున్న గుట్టల్లో ఒక ఊరు, ఆఖరు సంవత్సరం.

ముందు పరీక్షలు రాయించాను. పరీక్షలంటే, పాత రిజిస్టర్‌లోంచి కొన్ని వారాలు ఇస్తే ప్రోగ్రాము ఇప్పుడు ఏ జవాబు ఇస్తోందో రాసి పెట్టుకోవడం. మనం మార్చాక కూడా అదే జవాబు రావాలి. వస్తే పచ్చగా, రాకపోతే ఎర్రగా చూపిస్తుంది. తర్వాత ముద్దను ముక్కలు చేయడం మొదలుపెట్టాం. పని సాఫీగా సాగింది. మధ్యలో ఒకచోట 'గిది ముట్టొద్దు' అని రాసి ఉంది. దాని కింద ఒక వరుసలో పదకొండు రోల్ నంబర్లు ఉన్నాయి, ఎందుకో మాత్రం రాసి లేదు. భాయ్ అప్పుడు బయట టీ తాగుతున్నాడు. నేను పిల్లలకు మంచి ఉపన్యాసం ఇచ్చాను. ముట్టొద్దు అనే మాట భయంలోంచి పుడుతుందని, ఎందుకుందో ఎవరికీ తెలియని వరుసలు ప్రతి పాత ప్రోగ్రాములోనూ ఉంటాయని, ఇంజినీరు భయపడకూడదని. తీసేయమన్నాను. తీసేశారు. తెర ఎర్రబడింది.

సరిగ్గా అప్పుడే హెచ్‌ఓడీ సారు ఫొటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని వచ్చారు. ఎర్ర రంగు ఫొటోలో బాగుండదని, ఎందుకొచ్చిందని అడిగారు. తేడా వచ్చిన జవాబులు చూసి, నేను దొంగను పట్టిన పోలీసు ఉత్సాహంతో చెప్పాను. ఈ పదకొండు మందికి మూడేళ్ల కిందటి జులై, ఆగస్టు నెలల్లో రాని రోజులు కూడా వచ్చినట్టు ఈ ప్రోగ్రాము వేస్తోందని. చెప్పేశాక గాని నేనేం చేశానో నాకు తెలియలేదు. గుమ్మంలో భాయ్ టీ కప్పుతో నిలబడి ఉన్నాడు.

రెండో వరుసలోని అమ్మాయి లేచి నిలబడింది.

"అందుల నాలుగోది నా నంబరు మేడమ్" అంది.

మొదటి సంవత్సరం ఆమెకు హాస్టల్‌లో సీటు దొరకలేదట. ఊరి నుంచే రెండు బస్సులు మారి వచ్చేదట. ఆ వానాకాలం వాగు పొంగి నెలన్నర పాటు బస్సు నడవలేదు. హాజరు చాలదని, పరీక్ష రాయనివ్వరని అనుకుంది. అవ్వతో చెప్పి ఏడ్చింది కూడా. తీరా హాల్ టికెట్ వచ్చింది. ఎలా వచ్చిందో ఇప్పటివరకూ తెలియదు. ఆఫీసువాళ్ల లెక్క తప్పిందనుకుని, అడిగితే మళ్లీ సరిచేస్తారేమోనని నోరు మూసుకుంది.

సారు భాయ్ వైపు తిరిగారు. భాయ్ కప్పు కింద పెట్టాడు.

"నేనే రాసిన సార్. వాళ్లు ఎగ్గొట్టలే, రాలేకపోయిన్రు. డిపో నుంచి కాయితం తెచ్చిన, బస్సు నడువలేదని. మీ దగ్గరికి మూడుసార్లొచ్చిన. మీరు మీటింగుల ఉంటిరి."

నేను తలెత్తలేకపోయాను. ఒక మనిషి ఎనిమిదేళ్ల కొలువులో చేసిన ఒకే ఒక్క దొంగపనిని, అతను నాకు సాయం చేయడానికి వచ్చిన పూటే, తెరకెత్తి పెద్ద అక్షరాలతో చూపించాను. అదీ ఇంజినీరు భయపడకూడదని చెప్పి.

సారు ముఖంలో ఆలోచన మొదలైంది. ఆ ఏడాది హాజరు బాగుందని పైనుంచి ఒక మెచ్చుకోలు పత్రం వచ్చింది. అద్దం కట్టించి ఆయన గదిలో వేలాడదీశారు, గురువారం నేను చూశాను కూడా. ఈ వరుస తప్పైతే ఆ పత్రమూ తప్పవుతుంది. దానికోసం పైకి పంపిన లెక్క మీద సంతకం ఆయనది. ఫొటోగ్రాఫర్ కెమెరా దించేశాడు. సారు నెమ్మదిగా నా దగ్గరికి వచ్చారు.

"మేడమ్, రిఫ్యాక్టరింగ్ అంటే పని మారొద్దని మీరే అంటిరి గదా?"

అవునన్నాను.

"అయితే గది ఎట్లున్నదో అట్లనే పెట్టున్రి. రాత మాత్రం జర సాఫ్ జెయ్యిన్రి."

ఆ విద్యను అంత తొందరగా, అంత లోతుగా ఒంటబట్టించుకున్న విద్యార్థి ఆ రెండు రోజుల్లో ఇంకొకరు లేరు.

పిల్లలు వరుసను వెనక్కి పెట్టారు. తెర పచ్చబడింది. కానీ ఆ అమ్మాయి కూర్చోలేదు. ఆ నంబర్లన్నీ తన తోటివాళ్లవి, చదువైపోవస్తోంది. గుట్టల్లోని ఆ ఊళ్ల నుంచి ఇప్పుడు మొదటి సంవత్సరంలో ఇంకో నలుగురున్నారు. మొన్నటి వానల్లోనూ వాగు పొంగింది. వాళ్ల నంబర్లు ఇందులో లేవు. ఎవరో దయతలచి నంబర్లు రాయడం కాకుండా, బస్సు నడవని రోజులను ఆ ఊళ్లకు లెక్కలోంచి తీసేసే నియమమే రాస్తే సరిపోతుంది కదా అని అడిగింది. నా పాఠం ప్రకారం అది రిఫ్యాక్టరింగ్ కాదు, పని మార్చడమే. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగాను. సారు మాత్రం అప్లికేషన్ పెట్టుకోమన్నారు. కమిటీ వేస్తామన్నారు. కమిటీ అంటే ఏమిటో పిల్లలకు తెలుసు.

మూడు రోజులుగా ఆ కాలేజీలో పనులు ఎలా జరుగుతాయో నేనూ చూశాను. ఫొటో ఉన్న పని జరుగుతుంది, లేనిది జరగదు. అందుకని సారును పక్కకు పిలిచి, పైవాళ్లు ఈ మధ్య వర్క్‌షాపు వల్ల వచ్చిన ఫలితం ఏమిటని అడుగుతున్నారని చెప్పాను. అది అబద్ధం కాదు, అందరూ అడిగేదే. విద్యార్థిని వినతిపత్రం ఇస్తుండగా విభాగం పెద్ద అక్కడికక్కడే ఆమోదిస్తూ సంతకం చేస్తున్న ఫొటో పంపితే ఈ జిల్లాలో ఇంకెవరి దగ్గరా అలాంటిది ఉండదన్నాను. ఆయన జుట్టు సవరించుకున్నారు. అమ్మాయి నోట్‌బుక్‌లోంచి కాగితం చింపి ఐదు నిమిషాల్లో రాసింది. సంతకం మూడుసార్లు చేయవలసి వచ్చింది, రెండుసార్లు ఆయన కళ్లు మూసుకుపోయాయి. ప్రతిసారీ అమ్మాయి కొత్త నకలు రాసింది కాబట్టి మూడు కాగితాల మీదా సంతకాలు అసలైనవే. భాయ్ మూడూ తీసుకుని జాగ్రత్తగా ఫైల్లో పెట్టించాడు.

సాయంత్రం ముగింపులో అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. వేదిక మీద భాయ్ పేరు ఎవరూ ఎత్తలేదు. అప్పటికి అతను ల్యాబ్‌లో ఒక్కో యంత్రాన్నీ మళ్లీ ఫ్రీజ్ చేస్తున్నాడు. నేను పోయి క్షమించమని అడిగాను. "మీకేమెరుక మేడమ్" అని అతను పని ఆపలేదు. కాసేపయ్యాక, పిల్లలు శుభ్రం చేసిన ప్రోగ్రాము తెరిచి కిందికీ పైకీ జరిపి చూశాడు. ఇప్పుడది ఎవరైనా చదవగలిగేటట్టుంది. 'కిత్నే' పోయింది, 'జర' పోయింది. మంచిగుందన్నాడు. తర్వాత, తనది ఎక్కడుందో దొరకడం లేదన్నాడు. ఆ మాట మెచ్చుకోలుగా అన్నాడో బాధతో అన్నాడో నాకు అర్థం కాలేదు, అడగలేదు.

వారం తర్వాత ఆ అమ్మాయి ఫోన్ చేసింది. కొత్త ప్రోగ్రాము ఆఫీసులో పెట్టారట, రెండో శనివారాలను పనిదినాలుగా లెక్కవేసి కాలేజీ మొత్తానికీ హాజరు తగ్గించేసిందట. మేం రాసిన పరీక్షలన్నీ పచ్చగానే ఉన్నాయి, మేం తీసుకున్న వారాల్లో మాత్రం రెండో శనివారం ఒక్కటీ పడలేదు. నేను కంగారుపడి లాప్‌టాప్ తెరవబోతుంటే, అవసరం లేదంది. భాయ్ భైంసా నుంచి ఫోన్‌లో చెబుతుంటే తాను కూర్చుని సరిచేసేసిందట. బస్సు నడవని రోజుల నియమం కూడా ఇద్దరూ కలిసే పూర్తిచేశారట. మొదటి సంవత్సరం వాళ్లు నలుగురికీ హాల్ టికెట్లు వచ్చాయని చెప్పి, నాకు చెప్పకుండా మార్చినందుకు ఏమీ అనుకోవద్దంది.